సముద్రపు ఒడ్డున నాలుగు రోజులు: కాళ్ళకి పని, మనసుకి సెలవు

"గాలి మార్పు" అనే మాట ఈ మధ్య ఎవరి నోటా వినపడటం లేదు. ఒకప్పుడు డాక్టరుగారు చీటీ మీద మందులు రాసి ఇచ్చి, చివర్లో "కొన్నాళ్ళు గాలి మార్పుకి వెళ్ళి రండి" అనేవారు. స్తోమత ఉన్నవాళ్ళు వాల్తేరుకో, భీమునిపట్నానికో, మదనపల్లెకో వెళ్ళేవారు. క్షయకి సరైన మందు లేని ఆ రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఈ మూడే వైద్యం. 1940ల తర్వాత స్ట్రెప్టోమైసిన్, ఆ వెనుక మరికొన్ని మందులు వచ్చాక ఆ సలహాతో పని తగ్గింది. సలహాతోపాటు మాట కూడా మరుగున పడింది.

ఆ మాటని మళ్ళీ బయటికి తీయవలసిన రోజులు వచ్చాయి. అయితే ఈసారి క్షయ కోసం కాదు. రక్తపోటు, చక్కెర వ్యాధి, నిద్ర పట్టకపోవటం, నడుంనొప్పి, ఏ పరీక్షలోనూ దొరకని తలనొప్పి, వీటి కోసం.

మూసారాంబాగ్, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాల్లో ఉండే మనలాంటివాళ్ళ దినచర్య ఒకసారి చూడండి. పొద్దున లేవగానే పిల్లల కాలేజీ, కరెంటు బిల్లు, ఇంటి అప్పు వాయిదా, ఆఫీసులో నిన్న మిగిలిన ఫైలు, ఇవన్నీ బుర్రలో పరుగు మొదలుపెడతాయి. రాత్రి పడుకునేదాకా ఆ పరుగు ఆగదు. మరి కాళ్ళు? ఇంటి గుమ్మంలో స్కూటరు ఎక్కుతాయి, ఆఫీసు గుమ్మంలో దిగుతాయి. మిగతా రోజంతా కుర్చీ కింద వేళ్ళాడుతూ ఉంటాయి. మనసుకి ఎడతెగని పని, కాళ్ళకి ఎడతెగని సెలవు. మా ఓ.పి. గది ముందు బారులు తీరేవాళ్ళలో చాలామంది జబ్బు ఈ తారుమారులోనే మొదలవుతుంది.

నాలుగు రోజులు దాన్ని తిరగేసి చూడండి. కాళ్ళకి పని చెప్పండి, మనసుకి సెలవు ఇవ్వండి. దానికి సముద్రపు ఒడ్డుని మించిన చోటు లేదు.

"ఓ, మేము పోయిన నెలలోనే వెళ్ళొచ్చాం డాక్టరుగారూ!" అంటారు మీరు. ఎలా వెళ్ళారు? శుక్రవారం రాత్రి ఎల్.బి. నగర్ లో బస్సెక్కి, తెల్లారేసరికి దిగి, నిద్ర కళ్ళతో నీళ్ళలోకి దూకి, రెండు గంటలు ఫోటోలు తీసుకుని, మధ్యాహ్నం చేపల వేపుడు, బిర్యానీ తిని, మళ్ళీ రాత్రి బస్సెక్కి, ఆదివారం పొద్దున మూసారాంబాగ్ లో వాలారు. సోమవారం సెలవు చీటీ కోసం నా దగ్గరికి వచ్చారు! దీన్ని ప్రయాణం అనవచ్చు గాని విశ్రాంతి అనటానికి వీల్లేదు.

సముద్రపు గాలిలో ఏముంది?

సముద్రాన్ని మందుగా వాడటం కొత్తది కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు సముద్ర స్నానం వల్ల గ్రంథుల జబ్బులు నయమవుతాయని 1750లో ఒక పుస్తకమే రాశాడు. ఆయన సలహా విని జనం బ్రైటన్ అనే చిన్న పల్లెకి ఎగబడ్డారు. అది పెద్ద పట్నమైపోయింది. ఆ తర్వాతి శతాబ్దంలో సముద్రపు గాలిలో "ఓజోను" ఉంటుందనీ, అది బలమనీ నమ్మారు. నిజానికి నేల మీద ఓజోను ఊపిరితిత్తులకి మంచిది కాదు. మనం "సముద్రపు వాసన" అనుకునేది ఎక్కువగా నీటిలోని సూక్ష్మజీవుల వల్ల పుట్టే గంధకపు వాయువు వాసన.

"అక్కడ ప్రాణవాయువు ఎక్కువ" అనేవాళ్ళూ ఉన్నారు. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. అంచేత ఇక్కడ గాలి ఒత్తిడి ఒడ్డు కంటే ఓ అయిదారు శాతం తక్కువ. ఆరోగ్యవంతుడికి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

మరి నిజంగా లాభం ఏది? మొదటిది దుమ్ము, పొగ. పగలు నేల త్వరగా వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అది నీళ్ళ మీదుగా వస్తుంది కాబట్టి మన ప్రధాన రహదారి మీది గాలి కంటే శుభ్రంగా ఉంటుంది. రెండవది చప్పుడు. సముద్రపు హోరు చిన్నదేమీ కాదు. కాని అది ఒకే తీరుగా సాగే చప్పుడు. హారను మోత మనని ఉలిక్కిపడేట్టు చేస్తుంది, అలల మోత చెయ్యదు. కాసేపట్లో చెవి దానికి అలవాటు పడుతుంది. మూడవది చూపు. రోజంతా అరచేతి దూరంలో తెర చూసే కళ్ళకి అడ్డంకి లేని దూరం దొరుకుతుంది. దగ్గరి చూపు కోసం బిగుసుకునే కంటి కండరం దూరం చూసినప్పుడు వదులవుతుంది.

ఇక నాలుగవది, అన్నిటికంటే పెద్దది. అక్కడ ఒడ్డు వెంట నడవాలనిపిస్తుంది. అసలు మందు నడకే. సముద్రం ఆ మందుని తేలిగ్గా మింగించే తేనె అనుకోండి.

నడక చేసే మేలు

1953లో లండనులో జెర్రీ మారిస్ అనే డాక్టరు ఒక చక్కని విషయం బయటపెట్టాడు. డబుల్ డెక్కరు బస్సుల్లో డ్రైవరు, కండక్టరు ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే రోడ్డు, ఒకే పొగ. కాని డ్రైవర్లకి గుండె జబ్బు ఎక్కువగా వచ్చింది, కండక్టర్లకి తక్కువ. కారణం, డ్రైవరు కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజూ వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఈ పట్నంలో ఒకప్పుడు డబుల్ డెక్కరులో తిరిగినవాళ్ళకి ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. మనమందరం ఇప్పుడు డ్రైవర్లమైపోయాం. కండక్టర్లెవరూ మిగల్లేదు.

పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. "రోజుకి పదివేల అడుగులు" అనే లెక్క మాత్రం ఏ వైద్య గ్రంథంలోనుంచీ వచ్చింది కాదు. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరానికి పెట్టిన పేరు నుంచి పుట్టింది. కాబట్టి లెక్క తప్పిందని దిగులుపడకండి. రోజుకి గంటన్నర చొప్పున నాలుగు రోజులు నడిచారంటే వారం మొత్తానికి పైచిలుకే.

ఎంత వేగంగా నడవాలి? పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. మాట కూడా తెగిపోతున్నదంటే తగ్గించండి. రాగాలు తీయగలుగుతున్నారంటే కాస్త పెంచండి.

ఎక్కడ నడవాలి?

మన ప్రాంతం నుంచి మూడు చోట్లు అనుకూలం.

మొదటిది విశాఖపట్నం నుంచి భీమిలి దాకా ఉన్న ఒడ్డు. పాతిక కిలోమీటర్లకి పైగా ఉంటుంది. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం. ఒక్కరోజులో నడిచి రికార్డు సాధించనక్కర్లేదు. ముక్కలు చేసుకోండి. ఒడ్డు వెంట భీమిలికి సిటీ బస్సులు ఉన్నాయి కాబట్టి ఎక్కడ అలిసిపోతే అక్కడ ఎక్కవచ్చు.

చేరిన రోజు నడక వద్దు. రాత్రంతా ప్రయాణం చేసిన ఒంటికి అన్నం, నిద్ర కావాలి. సాయంత్రం ఓ ఇరవై నిమిషాలు ఊరికే తిరగండి. మొదటి రోజు ఆర్.కె. బీచ్ లో జలాంతర్గామి మ్యూజియం దగ్గర మొదలుపెట్టి లాసన్స్ బే దాకా, సుమారు 3 కిలోమీటర్లు. రెండవ రోజు అక్కడినుంచి కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దాకా. మూడవ రోజు రుషికొండ నుంచి తొట్లకొండ దిక్కుగా అయిదారు కిలోమీటర్లు. తొట్లకొండ మీద రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ విహారపు శిథిలాలు ఉన్నాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లనే ఆ పేరు. మోకాళ్ళు బాగున్నవాళ్ళే కొండెక్కండి. నాలుగవ రోజు ఎర్రమట్టి దిబ్బలు చూసుకుని భీమిలి దాకా. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది. డచ్చివాళ్ళ పాత సమాధులు, దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ నడిచి చూడగలిగినంత దగ్గరలో ఉన్నాయి. రోడ్డు పక్కన నడవవలసి వచ్చినప్పుడు ఎదురుగా వచ్చే వాహనాలు కనపడేటట్టు కుడివైపున నడవండి.

రెండవది బాపట్లకి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక. అలాగే చీరాల దగ్గర ఓడరేవు. ఇక్కడ ఒడ్డు చదును, కొండలు లేవు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి మంచిది. మూడవది మచిలీపట్నం దగ్గర మంగినపూడి. విజయవాడ మీదుగా బస్సులో వెళ్ళవచ్చు.

వెళ్ళవలసిన కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఎలా ఊడ్చేసిందో గుర్తుందిగా? ఇక వేసవిలో ఒడ్డున ఉక్క ఎక్కువ. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. వడదెబ్బకి అదే దారి.

మన తీరంలో సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. ఎనిమిది దాటితే ఎండ మొహం మీద, మెరుపు కళ్ళలో. కాబట్టి పొద్దున ఆరు నుంచి ఏడున్నర లోపల, సాయంత్రం నాలుగున్నర తర్వాత నడవండి. మధ్యలో భోజనం చేసి పడుకోండి. పడుకున్నందుకు సిగ్గుపడకండి. మీరు వచ్చిందే అందుకు.

ఇసుక, పాదాలు: చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకి

ఈ భాగం రెండుసార్లు చదవండి.

కొన్నేళ్ళ కిందట దిల్‌సుఖ్‌నగర్ లో బట్టల దుకాణం నడిపే ఒకాయన మా దగ్గరికి వచ్చారు. యాభై దాటిన మనిషి, పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి. కుటుంబంతో సముద్రానికి వెళ్ళి, మిట్టమధ్యాహ్నం చెప్పులు చేతబట్టుకుని ఇసుకలో నడిచారు. "పిల్లలు కాళ్ళు కాలుతున్నాయని గెంతుతుంటే నేను నవ్వాను డాక్టరుగారూ, నాకేం అనిపించలేదు" అన్నారు. అనిపించకపోవటమే జబ్బు. రెండు అరికాళ్ళలోనూ బొబ్బలు లేచాయి. ఇంటికి వచ్చాక కూడా నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. పది రోజుల తర్వాత మేజోడుకి చీము అంటితే భార్య చూసి తీసుకొచ్చింది. కాలు దక్కింది గాని రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది.

చక్కెర చాలా ఏళ్ళు అదుపులో లేకపోతే పాదాల్లోని నరాలు మొద్దుబారతాయి. వేడి, ముల్లు, గాజుపెంకు ఏదీ తెలియదు. రక్త ప్రసారం కూడా తగ్గితే చిన్న పుండు మానదు. వాళ్ళకి సముద్రపు ఒడ్డు వద్దని నేను అనను. ఈ నియమాలు పాటిస్తే చాలు.

ఒకటి: వట్టి కాళ్ళతో ఇసుకలో అడుగు పెట్టకండి. కొత్త చెప్పులు, బూట్లు ఆ రోజే మొదలుపెట్టకండి. ఇంటి దగ్గర రెండు వారాలు వాడి మెత్తబడినవే తీసుకెళ్ళండి.

రెండు: వేసుకునే ముందు బూటు తిరగేసి దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడండి. ఒక్క గులకరాయి చాలు.

మూడు: రోజూ రాత్రి పాదాలు మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందుల్లో ఇసుక లేకుండా తుడిచి, అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంకొకళ్ళని చూడమనండి.

నాలుగు: బొబ్బ లేస్తే సూదితో పొడవకండి. శుభ్రమైన గుడ్డ కట్టి నడక ఆపి డాక్టరుకి చూపించండి. ఇదివరకే పుండు ఉంటే అది మానేదాకా ప్రయాణమే వద్దు.

చక్కెర లేనివాళ్ళు వట్టి కాళ్ళతో నడవవచ్చు. కాని ఎక్కడ నడవాలో చూసుకోండి. పొడి ఇసుకలో నడవటానికి గట్టి నేల మీద కంటే ఇంచుమించు రెండు నుంచి రెండున్నర రెట్లు శక్తి పడుతుంది. గుండె జబ్బున్నవాళ్ళకి అది తెలియకుండా మెట్లెక్కటం వంటిది. అలలు తడిపి వెళ్ళిన గట్టి ఇసుక మీద నడవండి. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు పల్లంలో పడుతుంది. వెళ్ళిన దారినే తిరిగి వస్తే రెండు కాళ్ళకీ బరువు సరిపోతుంది.

మందుల సంచి

"సెలవుల్లో కూడా మందులేమిటి?" అని బి.పి. మాత్రలు మానేసేవాళ్ళని చాలామందిని చూశాను. మీకు సెలవుగాని మీ రక్తనాళాలకి సెలవు లేదు. వెళ్ళే రోజులకి మరో మూడు రోజుల మందులు అదనంగా పెట్టుకోండి. డాక్టరు రాసిన చీటీ కూడా తీసుకెళ్ళండి. మందుల సంచి చేతిలోనే ఉండాలి, బస్సు డిక్కీలో కాదు.

ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని ఎండ తగిలే చోట, డిక్కీలో పెట్టకూడదు. ఐసు ముక్కలకి ఆనించి గడ్డకట్టించకూడదు కూడా. వెడల్పు మూతి ఫ్లాస్కులో పెట్టుకెళ్ళి, గదిలో ఫ్రిజ్ లేకపోతే తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచండి.

ఎక్కువ నడిస్తే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మందులు వాడేవాళ్ళకి ఈ భయం ఎక్కువ. చేతులు వణకటం, చెమటలు, కళ్ళు తిరగటం, ఉన్నట్టుండి చిరాకు, ఇవి గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని నీళ్ళలో కలిపి తాగి కూర్చోండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తీసుకోండి. ఏమీ తినకుండా నడకకి బయల్దేరవద్దు. మందు మోతాదు తగ్గించాలా వద్దా అన్నది వెళ్ళేముందు మీ డాక్టరుని అడగండి. పక్క సీటు ప్రయాణికుణ్ణి కాదు.

ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇన్‌హేలరు జేబులోనే పెట్టుకోండి. గదిలో వదిలి ఒడ్డుకి వెళితే అది ఉన్నా లేనట్టే.

రాత్రి ప్రయాణం నాలుగు గంటలు దాటితే కాళ్ళు వేళ్ళాడేసి కదలకుండా కూర్చోకండి. పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటకోసారి మడమలు పైకీ కిందికీ ఆడించండి. బస్సు ఆగిన చోటల్లా దిగి నాలుగడుగులు వెయ్యండి. ప్రయాణం తర్వాత ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పిపెడితే నలుగుపెట్టి మర్దన చేయించకండి. ఆస్పత్రికి రండి.

ఇల్లాలికి సెలవు ఉందా?

స్త్రీల సంగతి విడిగా చెప్పాలి. బస్సులో మరుగుదొడ్డి ఉండదని ముందు రోజు మధ్యాహ్నం నుంచే మంచినీళ్ళు తాగటం మానేస్తారు. బి.పి. కోసం ఇచ్చిన, మూత్రం ఎక్కువ పోయించే మాత్రని కూడా చెప్పకుండా మానేస్తారు. తిరిగొచ్చాక మూత్రంలో మంట, చలిజ్వరం. ఇది నేను ఏటా చూసే జబ్బే. వీలుంటే బస్సు బదులు రైల్లో వెళ్ళండి. విశాఖకి, బాపట్లకి, చీరాలకి కూడా రైలు సౌకర్యం ఉంది. రైల్లో దొడ్డి ఉంటుంది, కాళ్ళు చాపుకోవచ్చు. నీళ్ళు తాగండి.

రెండవ సంగతి మగవాళ్ళకి చెబుతున్నాను. ఇంట్లో వంట చేసే మనిషి ఒడ్డున కూడా స్టవ్ ముందే కూర్చుంటే ఆమెకి సెలవు ఎక్కడ? "బయటి తిండి పడదు" అని గ్యాసు పొయ్యి, పప్పు, చింతపండు మూటకట్టుకెళ్ళి, ఆమెకి చోటు మాత్రమే మార్చేవాళ్ళున్నారు. నడుంనొప్పి, నిద్రలేమి అని నా దగ్గరికి వచ్చే ఇల్లాళ్ళలో చాలామందికి మాత్ర కంటే ముందు కావలసింది నాలుగు రోజుల వంటింటి విముక్తి. ఇడ్లీ, పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు, కొబ్బరినీళ్ళు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. పొద్దున నడకకి ఆమెని కూడా తీసుకెళ్ళండి. సామాన్ల కాపలాకి వదిలిపెట్టకండి.

తిండి విషయంలో ఒక్క హెచ్చరిక. రోజుకి మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే చెంచాడు మించకూడదు. ఎండుచేప, ఊరగాయ, మిరపకాయ బజ్జీ, అప్పడం కలిస్తే ఒక పూటలోనే అది దాటుతుంది. అయిదు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 200 నుంచి 250 కాలరీలు. ఓ ప్లేటు బజ్జీలు దాన్ని తిరిగి జమ వేసేస్తాయి. ఒడ్డున మురీ మిక్స్చరు ఓ పొట్లం తింటే తప్పులేదు. కోసి పెట్టిన పండ్ల ముక్కలు, ఐసు వేసిన రసాలు మాత్రం వద్దు. విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు మంచినీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా తాగండి.

నీళ్ళలోకి దిగేముందు

మన పట్నం పిల్లలకి సముద్రం కొత్త. చెరువులో ఈత వచ్చినవాడు సముద్రంలో కూడా ఈదగలననుకుంటాడు. ప్రతి ఏడాదీ హైదరాబాదు నుంచి వెళ్ళిన కుర్రవాళ్ళు మునిగిపోయారన్న వార్త పేపర్లో చూస్తూనే ఉన్నాం.

ఒడ్డుకి వచ్చిపడ్డ అలల నీళ్ళు ఎలాగో వెనక్కి పోవాలి కదా? అవి ఒక సన్నని దారి చేసుకుని సముద్రంలోకి జోరుగా పోతాయి. ఆ దారిలో అలలు విరగవు. పైకి ప్రశాంతంగా కనపడుతుంది. "ఇక్కడ అలలు లేవు, ఇక్కడే దిగుదాం" అని సరిగ్గా అక్కడే దిగుతారు. అది లాగేస్తే ఒడ్డుకి ఎదురీదకండి, గజ ఈతగాళ్ళకైనా సాధ్యం కాదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ దారి దాటాక ఒడ్డుకి తిరగండి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి కేక వెయ్యండి.

నా సలహా ఒక్కటే. మోకాలి లోతు దాటవద్దు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట అసలు దిగవద్దు. ఎక్కడ దిగవచ్చో అక్కడి జాలరివాళ్ళని అడగండి, వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. మద్యం తాగినవాణ్ణి నీళ్ళ దగ్గరికి పోనివ్వకండి. మూర్ఛ జబ్బున్నవాళ్ళని ఒంటరిగా వదలకండి. తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటుంది, జాగ్రత్త.

ఎవరైనా మునుగుతుంటే మీరు దూకకండి. తాడు, చీర, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఏది దొరికితే అది విసరండి. బయటికి తీశాక ఊపిరి లేకపోతే తలకిందులు చెయ్యటం, పొట్ట నొక్కటం వంటి పనులతో కాలం వృథా చెయ్యకండి. ఒకరు 108కి ఫోను చెయ్యండి. మరొకరు ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి రెండుసార్లు ఊపిరి ఊది, రొమ్ము నడి ఎముక మీద అరచేత్తో రెండంగుళాలు దిగేటట్టు 30 సార్లు నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగం. మళ్ళీ రెండు ఊపిరులు. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి.

ఎవరు ఆగాలి?

ఈమధ్యనే గుండెపోటు వచ్చినవాళ్ళు, గుండె ఆపరేషను అయినవాళ్ళు, కూర్చున్నా ఆయాసపడేవాళ్ళు, పాదం మీద పుండు ఉన్నవాళ్ళు డాక్టరు సరేనంటే తప్ప బయల్దేరకండి. గర్భిణులు కూడా అడిగి వెళ్ళండి. నడుస్తుంటే ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట వస్తే "గ్యాసు" అని సోడా తాగకండి. అక్కడే కూర్చుని 108కి ఫోను చేయించండి.

తిరిగి వచ్చాక

నాలుగు రోజుల నడక వల్ల ఏళ్ళ తరబడి ఉన్న బి.పి. మాయం కాదు. అలా అని నేను చెప్పలేదు. నాలుగు రోజుల్లో తెలిసేది ఒక్కటే. మీ కాళ్ళు ఇంకా పనిచేస్తాయనీ, నడిచిన రాత్రి నిద్ర దానంతట అదే వస్తుందనీ. ఆ తెలిసినదాన్ని ఇంటికి తెచ్చుకోవాలి.

"మూసారాంబాగ్ లో సముద్రం ఎక్కడుంది డాక్టరుగారూ?" అంటారా? సముద్రం లేదు, ఒప్పుకుంటాను. నడవటానికి చోటు మాత్రం ఉంది. 2018 సెప్టెంబరు నుంచి మన వీధి చివరికి మెట్రో వచ్చింది. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఒక స్టేషను ముందే, న్యూ మార్కెట్ లో దిగి నడిచి రండి. దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళు మూసారాంబాగ్ లో దిగండి. స్టేషనులో లిఫ్టు ముసలివాళ్ళకి వదిలి మెట్లెక్కండి. పొద్దున్నే ట్రాఫిక్కు మొదలయ్యేలోపల టి.వి. టవరు చుట్టుపక్కల సందుల్లో అరగంట తిరగండి. ఆదివారం సరూర్‌నగర్ చెరువు గట్టుకో, వనస్థలిపురం జింకల పార్కుకో భార్యాబిడ్డలతో వెళ్ళండి. నడిచే ఆ అరగంటా ఫోను ఇంట్లో వదిలెయ్యండి. వచ్చిన ఫోన్లన్నీ మీరు వచ్చేదాకా ఆగుతాయి.

సెలవు చీటీ కోసం సోమవారం నా గది ముందు నిలబడాలనుకుంటున్నవారికి చివరి మాట. ఈసారి ప్రయాణం నుంచి ఆదివారం పొద్దున కాకుండా శనివారం మధ్యాహ్నానికే ఇల్లు చేరండి. ఆ రాత్రి బాగా నిద్రపోండి. ఆదివారం సాయంత్రం అరగంట నడవండి. సోమవారం నా దగ్గరికి రావలసిన పని ఉండదు.